వారసత్వ సొమ్ము ముందుగా చేతికి రావడం: ఖైరతాబాద్, అమీర్‌పేట, పంజాగుట్ట

మనిషి పోయాక ఆయన పేరున ఉన్న డబ్బు, బంగారం, ఇల్లు వారసులవే. కానీ ఆ మాట కాగితం మీదికి ఎక్కేలోపు ఆసుపత్రి బిల్లు, పెద్దకర్మ ఖర్చు, పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఆగవు. పంపకం తేలకముందే, కోర్టు ఉత్తర్వు రాకముందే వారసులు ఆ సొమ్ములో కొంతైనా చట్టబద్ధంగా వాడుకోగలగడమే ఈ వ్యాసం విషయం. ఇంగ్లండులో, అమెరికాలో ఈ చర్చ ప్రొబేట్ చుట్టూ తిరుగుతుంది. హైదరాబాదులో కుటుంబాలు చిక్కుకునేది వేరేచోట. బ్యాంకు క్లెయిమ్ ఫారం దగ్గర, తహసీల్దారు కార్యాలయంలో, సక్సెషన్ సర్టిఫికెట్ వాయిదాల మధ్య అవి ఆగిపోతాయి.

ఈ చిక్కు నగరమంతటా ఉన్నదే అయినా ఖైరతాబాద్ చుట్టుపక్కల మరీ దగ్గరగా కనిపిస్తుంది. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది, కొద్ది దూరంలోనే శ్మశానవాటిక ఉంది. అక్కడి నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు పొడవునా బ్యాంకు శాఖలే. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. నల్గొండ నుంచో ఖమ్మం నుంచో తెచ్చిన రోగి నిమ్స్‌లో పోతే మరణ ధ్రువపత్రం హైదరాబాదు నగరపాలక సంస్థ ఇస్తుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మాత్రం సొంత మండల తహసీల్దారు ఇవ్వాలి. స్థానికులకైనా ఖైరతాబాద్, అమీర్‌పేట రెండు వేర్వేరు మండలాలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. తర్వాత జరిగే ప్రతి పనికీ ఆ ధ్రువపత్రమే తాళంచెవి కాబట్టి, దుఃఖంలో ఉన్నా ఎవరో ఒకరు ఆ పని మొదటి వారంలోనే చూసుకోవాలి.

ఇక్కడ ప్రొబేట్ ఎందుకు తప్పనిసరి కాలేదు

వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయడమే ప్రొబేట్. 1925 భారత వారసత్వ చట్టంలోని 57, 213 సెక్షన్లు కలిపి చదివితే హిందువుల వీలునామాలకు అది తప్పనిసరి అయింది కొన్ని ప్రాంతాల్లోనే: 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలో ఉన్న భూభాగం, మద్రాసు, బొంబాయి హైకోర్టుల సొంత సివిల్ పరిధి. ఆనాడు హైదరాబాదు నిజాం రాజ్యం. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే అయినా మద్రాసు నగర పరిధిలో లేవు. అందుకే గుంటూరులో రాసిన వీలునామాకు గుంటూరు ఇంటి విషయంలో ప్రొబేట్ అక్కర్లేదు. అదే వీలునామాలో చెన్నై త్యాగరాయనగర్ ఇల్లు ఉంటే మాత్రం ఆ ఇంటి మేరకు మద్రాసు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. చెన్నైలో ఆస్తులున్న తెలుగు కుటుంబాలు దశాబ్దాలపాటు ఈ బరువు మోశాయి. భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో మినహాయింపు వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 213వ సెక్షన్‌నే తొలగించింది.

కాబట్టి ఖైరతాబాద్ మనిషికి ఎవరైనా "ప్రొబేట్ లేనిదే డబ్బు రాదు" అని చెబితే అది ఇక్కడి చట్టం కాదు. వారసుల మధ్య తగాదా ఉన్నప్పుడు వీలునామాను కోర్టులో రుజువు చేసుకోవాల్సి రావచ్చు, అది వేరే సంగతి.

మొదటి పదిహేను రోజులు

తొందరగా వచ్చే డబ్బంతా పోయిన మనిషి బతికుండగా వేసిన దారుల్లోంచే వస్తుంది. నామినీ పేరు రాసి ఉన్న డిపాజిట్, 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో ఉన్న ఉమ్మడి ఖాతా, బీమా పాలసీ, భవిష్యనిధి. వీటిలో నామినీ ఉన్న డిపాజిట్‌కు, సర్వైవర్ ఖాతాకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగవద్దని రిజర్వు బ్యాంకు 2005 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పింది. 2025 సెప్టెంబరు 26న ఇచ్చిన కొత్త ఆదేశాలతో ఆ నియమాలు గట్టిపడ్డాయి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు క్లెయిమ్ తేల్చాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే డిపాజిట్ మీద బ్యాంకు రేటుకు 4 శాతం కలిపి వడ్డీ కట్టాలి. లాకరు విషయంలో జాప్యమైతే రోజుకు ₹5,000 చెల్లించాలి. ఈ ఆదేశాలు అమలుచేయడానికి బ్యాంకులకు ఇచ్చిన గడువు 2026 మార్చి 31. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు కూడా వచ్చింది.

చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. డిపాజిట్‌దారు మరణిస్తే గడువుకు ముందే ఎఫ్‌డీ మూసినా జరిమానా కోత ఉండదు. కౌంటర్లో కోత వేస్తామంటే అడగవచ్చు.

ఉద్యోగి పోతే భవిష్యనిధితోపాటు దానికి జతగా ఉండే డిపాజిట్ ఆధారిత బీమా వస్తుంది. దాని గరిష్ఠ మొత్తం ₹7 లక్షలు. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన మరణానికి వర్తించదు. అమీర్‌పేటలో చిన్న కంపెనీల్లో రెండుమూడేళ్లు పనిచేసి పోయిన యువకుల తల్లిదండ్రులు ఈ రెండూ అడగకుండానే ఊళ్లకు వెళ్లిపోతుంటారు. అది వాళ్ల బిడ్డ సంపాదించిన సొమ్మే. తెలంగాణలో రైతుబీమా ₹5 లక్షలు ఎవరి సంతకం కోసమూ ఆగకుండా నామినీ ఖాతాలో పడేది కూడా ఇదే సూత్రం మీద. పేరు ముందే రాసి ఉంది కాబట్టి డబ్బు ఆగదు.

ఈ పదిహేను రోజుల్లోనే జరిగే ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఏటీఎం పిన్ను తెలుసు కదా అని పోయిన మనిషి ఖాతాలోంచి డబ్బు తీయడం, "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉందిగా" అని సంతకం పెట్టడం. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చినవాడి మరణంతో ఆ అధికారం కూడా పోతుంది. దహనానికి ఖర్చుపెట్టామన్నది నిజమే కావచ్చు. కానీ రేపు ఆడపడుచో మరిదో లెక్క అడిగితే చూపించడానికి రసీదులు ఉండాలి. మరణం తర్వాత జమైన పింఛను ఎలాగూ వెనక్కి కట్టాల్సిందే.

నామినీ చేయి, వారసుల సొత్తు

ఇళ్లల్లో మనస్పర్థలకు మొదటి కారణం ఇదే. నామినీ అంటే సొమ్ము అందుకునే చేయి. ఆ సొమ్ము ఎవరిదన్నది వారసత్వ చట్టం చెబుతుంది. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లో సర్బతి దేవి కేసులో ఈ మాట చెప్పింది. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో, షేర్ల గురించి 2023 డిసెంబరు 14న శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ కొంత మార్పు తెచ్చింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే సాధారణంగా ఆ సొమ్ము వాళ్లదే అవుతుంది. పెళ్లికి ముందు తమ్ముడి పేరు నామినీగా రాసి, తర్వాత మార్చని ఖాతాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకు ఆ తమ్ముడికే ఇస్తుంది, ఇవ్వడం తప్పు కాదు. ఆయన వదినగారికి, పిల్లలకు అప్పజెప్పకపోతే తప్పు ఆయనది.

నామినీ లేని డిపాజిట్: దగ్గర నుంచి

ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఎఫ్‌డీ రసీదు, పాస్‌బుక్కు, మరణ ధ్రువపత్రం జిరాక్సులు, ఆధార్ కార్డులు. రసీదులో నామినీ గడి ఖాళీ. డిపాజిట్ ₹12 లక్షలు అనుకుందాం. కొత్త ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో ₹15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో ₹5 లక్షల దాకా, వీలునామా తగాదా గానీ కోర్టు ఆంక్ష గానీ లేకపోతే, సులభ పద్ధతిలో ఇవ్వాలి. క్లెయిమ్ ఫారం, ఇండెమ్నిటీ బాండు, క్లెయిమ్ చేయని వారసుల అభ్యంతరం లేదన్న లేఖ, వారసులెవరో చెప్పే ధ్రువపత్రం లేదా కుటుంబాన్ని ఎరిగిన స్వతంత్ర వ్యక్తి వాంగ్మూలం చాలు. కోర్టు అక్కర్లేదు.

ఇక్కడ రెండుచోట్ల పని ఆగుతుంది. మొదటిది పేరు. వెంకటేశ్వరరావు అన్న ఒక్క పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో తెలుగువాళ్లందరికీ తెలుసు. పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా వెనక ఉంటుంది, ఆసుపత్రి ఇచ్చిన వివరంలో అసలే ఉండదు. మరణ ధ్రువపత్రంలో ఆ ఆసుపత్రి రాసిన పేరే పడుతుంది. అందుకే ఆసుపత్రిలో కాగితం నింపేటప్పుడే ఆధార్ చూసి అక్షరం అక్షరం రాయించాలి. తర్వాత దిద్దించుకోవడానికి పట్టే నెలలు ఆ అయిదు నిమిషాల్లో మిగులుతాయి.

రెండోది అమ్మ. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి స్వార్జితానికి మొదటి తరగతి వారసుల్లో ముఖ్యులు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. తండ్రి ఆ తరగతిలో లేడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే ఆ ₹12 లక్షలు నాలుగు సమాన వాటాలు, తలకు ₹3 లక్షలు. మీసేవలో తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో తరచూ భార్యాపిల్లల పేర్లే ఉంటాయి. ఊళ్లో ఉన్న తల్లి పేరు రాదు. కొన్నిసార్లు మరచిపోతారు, కొన్నిసార్లు కావాలనే వదిలేస్తారు. కొడుకు పోయిన తల్లికి ఇది రెండో దెబ్బ. బ్యాంకుకు తెలిసిన రోజున క్లెయిమ్ మొత్తం ఆగిపోతుంది. ఆవిడను మొదటే కూర్చోబెట్టి సంతకం తీసుకుంటే, లేదా ఆవిడ వాటా ఆవిడకు ఇస్తే, అందరికీ ముందుగా డబ్బు వస్తుంది. పెళ్లయిన కూతురి వాటా కొడుకు వాటాతో సమానం. పిత్రార్జితంలోనూ కూతురికి హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1985లో ఇక్కడ వచ్చిన ఆ సవరణ దేశమంతటికీ వచ్చింది 2005లో.

లాకరులో భార్య స్త్రీధనం ఉంటే అది వారసత్వమే కాదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆమెది, ఎవరి అనుమతీ లేకుండా ఆమెదే. అయితే లాకరు భర్త ఒక్కడి పేరున ఉంటే దాన్ని బయటకు తెచ్చుకోవడానికి ఆమె కూడా క్లెయిమ్ వేసుకోవాల్సి వస్తుంది.

కోర్టులో ఉండగానే

సొమ్ము పెద్దదైనా, వారసులు కలిసిరాకపోయినా సక్సెషన్ సర్టిఫికెట్ కోసం సిటీ సివిల్ కోర్టులో పిటిషన్ (ఓపీ) వేస్తారు. దగ్గరి బంధువులకు నోటీసులు, పేపరు ప్రకటన, వాంగ్మూలం, ఆపైన ఉత్తర్వు, కోర్టు ఫీజు, స్టాంపు కాగితం మీద సర్టిఫికెట్. నెలలు పడుతుంది, ఎదురు పిటిషన్ పడితే ఏళ్లు. ఈ సర్టిఫికెట్ పోయిన మనిషికి రావాల్సిన అప్పులకు, డిపాజిట్లకు, షేర్లకు మాత్రమే. ఇంటికీ స్థలానికీ పనికిరాదు.

ఈ విధానంలోనే చట్టం కొన్ని చిన్న తలుపులు పెట్టింది. భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం రావాల్సిన సొమ్ములో ఒక భాగానికి మాత్రమే సర్టిఫికెట్ అడగవచ్చు. తగాదా లేని వాటాను ముందు విడిపించుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. 373 ప్రకారం హక్కుల చిక్కుముడి లోతుగా ఉంటే, దాన్ని పూర్తిగా విప్పకుండానే పైకి మెరుగైన హక్కు కనిపిస్తున్నవారికి జడ్జి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అలా ఇచ్చినప్పుడు, రేపు లెక్క చెప్పి అసలు హక్కుదారుకు అప్పజెబుతానని 375 కింద జామీను రాయించుకుంటారు. 387 ప్రకారం ఆ నిర్ణయం తర్వాత వేసే దావాకు అడ్డం రాదు. ఈ సెక్షన్లను కలిపి చూస్తే చట్టం ఆలోచన అర్థమవుతుంది. డబ్బును ఆపకూడదు, అందుకున్నవాడిని వదలకూడదు.

వీలునామా మీద దావా నడుస్తుంటే 247 కింద కోర్టు తాత్కాలిక నిర్వాహకుణ్ణి నియమించవచ్చు. ఆయన ఆస్తిని కాపాడతాడు, పంచిపెట్టడు. పంపకం దావాలో ఇంటి అద్దెను కోర్టులో జమ చేయించమనో, రిసీవరును వేయమనో అడగవచ్చు. అమీర్‌పేటలో హాస్టళ్లకు, కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన ఇళ్ల విషయంలో ఇదే అసలు సమస్య. పై అంతస్తు అద్దె ఒక కొడుకే వసూలు చేసుకుంటూ, దావా ఎంత సాగితే అంత మంచిదనుకుంటాడు. అద్దె కోర్టుకు వెళ్లడం మొదలైతే రాజీ మాటలు త్వరగా వస్తాయి.

మైనరు పిల్లల వాటాను కోర్టు సాధారణంగా బ్యాంకులో వేయిస్తుంది. చదువుకోసం వడ్డీ తీసుకునేందుకు, అవసరమైతే అసలులో కొంత విడిపించేందుకు సంరక్షకులు పిటిషన్ వేసుకోవచ్చు. మైనరు ఇంటి వాటాను అమ్మాలంటే 1956 హిందూ మైనారిటీ చట్టం 8వ సెక్షన్ కింద ముందస్తు అనుమతి తప్పదు.

ఖర్చుల వరుస కూడా భారత వారసత్వ చట్టంలోనే ఉంది. అంత్యక్రియలు, చివరి జబ్బు వైద్యం, మరణానికి ముందు నెల రోజుల బస, భోజనం ఖర్చు అన్ని అప్పులకన్నా ముందు ఆస్తిలోంచి చెల్లించాలని 320 అంటుంది. కోర్టు ఖర్చుల తర్వాత 322లో పనివాళ్ల జీతం వస్తుంది, మరణానికి ముందు మూడు నెలల సేవకు. మంచాన పడ్డ మనిషిని చూసుకున్న ఆయమ్మ జీతం పెద్ద అప్పులవాళ్లకన్నా ముందు ఇవ్వాలన్న ఈ నియమం నూరేళ్ల కిందటిది. దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. వీలునామా అమలుచేసే ఎగ్జిక్యూటరు ఏడాది గడిచేదాకా వీలునామాలో రాసిన సొమ్ము (లెగసీ) చెల్లించక్కర్లేదని 337 చెబుతుంది. ఇంగ్లండులో దీన్నే ఎగ్జిక్యూటరు ఏడాది అంటారు. ముందే ఇవ్వకూడదని మాత్రం కాదు. అప్పులు తేలితే ఆయన ముందే ఇవ్వవచ్చు.

వాటా మీద అప్పు, వాటా అమ్మకం

అమెరికాలో వారసుడి వాటాలో కొంత భాగాన్ని తక్కువకు కొని ముందే డబ్బిచ్చే కంపెనీలు ఉన్నాయి. కాలిఫోర్నియా ప్రొబేట్ కోడ్‌లో వీటికోసం ప్రత్యేక సెక్షనే ఉంది. మన దగ్గర ఆ పాత్ర ప్రామిసరీ నోటుది. నాన్న బతికుండగానే ఆయన ఇంట్లో రాబోయే వాటాను చూపించి అప్పు చేసే కొడుకులు ఉన్నారు. 1882 ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అలాంటి ఆశను బదిలీ చేయడం చెల్లదు. మరణం తర్వాత వాటా నిజంగా వచ్చినట్టే కాబట్టి అమ్ముకోవచ్చు. కానీ హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ కింద మిగతా మొదటి తరగతి వారసులకు కొనే హక్కు ముందుంటుంది. కుటుంబం ఉండే ఇంట్లో వాటా కొన్న బయటివాడికి కలిసి కాపురం పెట్టే హక్కు లేదని ఆస్తి బదిలీ చట్టం 44 చెబుతుంది. అందుకే బయటివాడు సగం ధర కూడా ఇవ్వడు. డబ్బు అవసరమైన వారసుడు అన్నదమ్ములకే అమ్ముకోవడం, లేదా వాళ్లిచ్చిన డబ్బుకు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించడం మేలు.

ముస్లిం కుటుంబాల్లో

ఖైరతాబాద్, సోమాజీగూడ బస్తీల్లో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాల్లో వరుస స్పష్టం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వీలునామా, ఆపైన వారసుల వాటాలు. చెల్లించని మెహర్ భర్త ఆస్తి మీద భార్యకు రావాల్సిన అప్పు. అది వారసుల పంపకంకన్నా ముందు తీరాలి. భర్త ఆస్తి న్యాయంగా ఆమె స్వాధీనంలో ఉంటే, మెహర్ తీరేదాకా ఆమె దాన్ని వదలకుండా ఉంచుకోవచ్చు. నికానామాలో రాసిన ఆ అంకె వితంతువుకు చట్టం ఇచ్చిన గట్టి ఆసరా. దాన్ని మాఫీ చేయమని శవం దగ్గర అడిగించే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది. ఆ క్షణంలో ఆమె చేత ఆ మాట అనిపించడం అన్యాయం.

అమెరికాలో ఉన్న కొడుకు సంతకం

ఇప్పుడు అమీర్‌పేట కుటుంబాల్లో ఒక వారసుడు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటాడు. ఆయన సంతకం కోసమే క్లెయిములు ఆగుతున్నాయి. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా అపోస్టిల్ చేయించాలి. ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు రుసుము కట్టించాలని స్టాంపు చట్టం 18వ సెక్షన్. కర్మలకు వచ్చినవాడు తిరుగు విమానం ఎక్కేలోపే అభ్యంతరం లేదన్న లేఖ, జీపీఏ ఇక్కడే రాసి ఇచ్చి వెళితే ఇదంతా తప్పుతుంది. పదకొండో రోజున ఆ మాట ఎత్తడం మొరటుగా అనిపిస్తుంది. అయినా ఎత్తాలి.

విరాసత్, నిజాం నిధి

తెలంగాణ పల్లెల్లో తండ్రి భూమి పిల్లల పేరుకు మారడాన్ని ఇప్పటికీ విరాసత్ అనే అంటారు. నిజాం కాలంలో జాగీర్దారు పోతే వారసుడికి సర్కారు మంజూరు కావాలి, ఆ విచారణ పేరే విరాసత్. హైదరాబాదు రాష్ట్రంలో ఆ తగాదాల కోసం 1952లో అతియాత్ విచారణల చట్టం చేశారు.

అందని వారసత్వానికి ఈ నగరం లోకానికి చూపిన పెద్ద ఉదాహరణ నిజాం నిధి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు పతనమైన రోజుల్లో పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు వెళ్లింది. నిజాం వెనక్కి అడిగాడు. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ ఉందనడంతో డబ్బు ఎవరికీ దక్కకుండా స్తంభించింది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము, అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లు, భారత ప్రభుత్వానికీ నిజాం మనుమలు ముకరంజా, ముఫఖంజాలకూ చెందుతుందని తీర్పిచ్చింది. ముకరంజా 2023 జనవరిలో పోయాడు. డెబ్బై ఏళ్లకు పైగా ఆగిన సొమ్ము ఆయన జీవితంలో చివరి మూడేళ్లకు అందింది.

ఖర్చు లేకుండా సాయం

1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. భర్త పోయిన ఇల్లాలికి, కొడుకు పోయిన తల్లికి, ఇద్దరికీ. రాష్ట్ర న్యాయ సేవల సంస్థ కార్యాలయం న్యాయ సేవా సదన్ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే ఉంది. పంపకం దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు.